సన్నాయి నుంచి కీబోర్డు దాకా: విజయనగరంలో సంగీతంతో బతికేవారి సర్వే ఎలా చేయాలి

విజయనగరంలో సంగీతం గురించి ఎవరిని కదిపినా మొదటి పావుగంట పెద్దలకే పోతుంది. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టడం, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్ కావడం, ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు, అక్కడే చదువుకున్న ఘంటసాల, సుశీల... వినడానికి బాగుంటుంది, నిజం కూడా. కానీ మొన్న మూడులాంతర్ల కూడలి దగ్గర పెళ్లి ఊరేగింపులో ట్రంపెట్ ఊదిన కుర్రాడికి ఆ రాత్రి చేతికి ఎంతొచ్చింది, ఆషాఢమంతా ఏం చేసి బతుకుతాడు అని అడగండి. చెప్పేవాళ్లు దొరకరు.

నేను ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాను. ఈ సంగతి తేల్చుకుందామని నలుగురం మిత్రులం కలిసి ఒక సర్వే మొదలుపెట్టి, మొదటిసారి శుభ్రంగా చెడగొట్టాం. గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేశాం. కరోకే పాడే ఉద్యోగులు నింపారు, కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు నింపారు. బ్యాండు వాళ్లలో ఒక్కరూ లేరు. సన్నాయి మేళం వాళ్లలో ఒక్కరూ లేరు. ఆ ఫారాన్నే నమ్ముకుని ఉంటే, ఈ ఊరి సంగీతకారుల ప్రధాన సమస్య మంచి మైకు దొరకకపోవడం అని రాసేవాళ్లం. రెండోసారి కాళ్లకు పనిచెప్పాం. అప్పుడు నేర్చుకున్నదే ఇది.

1. ఎవరి బల్ల మీదికి వెళ్తుందో ముందు తేల్చుకోండి

సర్వే అంతా అయ్యాక "ఇప్పుడు దీన్నేం చేద్దాం" అనుకుంటే ఆ కాగితాలు అటక మీదికే పోతాయి. నగరపాలక సంస్థను అడగాల్సింది వేరు, దేవాదాయ శాఖను అడగాల్సింది వేరు, కల్యాణ మండపాల యజమానులతో మాట్లాడాల్సింది వేరు. ప్రాక్టీసుకు గది కావాలంటే ఆ గది ఎవరి చేతిలో ఉందో, గుడిలో మేళం జీతం గురించైతే ఆ సంతకం ఎవరు పెడతారో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. జవాబు వచ్చినా ఎవరూ ఏమీ చేయలేని ప్రశ్నను తీసేయండి. మా మొదటి ఫారంలో సగం ప్రశ్నలు అలా ఎగిరిపోయాయి.

2. సంగీతకారుడు అంటే ఎవరు?

గొడవంతా ఇక్కడే. "కళాకారుల సర్వే" అని చెబితే బ్యాండులో డ్రమ్ము కొట్టేవాడు తన గురించి కాదనుకుని పక్కకు తప్పుకుంటాడు. చర్చిలో కీబోర్డు వాయించే అమ్మాయి అది సేవ, వృత్తి కాదంటుంది. డప్పు వాయించే పెద్దాయన "నాను కూలోణ్ణి బాబూ" అంటాడు. అందుకే మేం కళాకారుడు అనే మాటే వదిలేశాం. "పాడి గానీ, వాయించి గానీ, నేర్పి గానీ, వాయిద్యం చేసి లేదా బాగుచేసి గానీ గత ఏడాదిలో ఒక్కసారైనా డబ్బో, బియ్యమో, బట్టలో తీసుకున్నారా?" అని అడిగాం. అవునంటే లెక్కలోకి వచ్చినట్టే. డబ్బు తీసుకోకుండా చర్చిలోనో భజనలోనో ప్రతివారం వాయించేవాళ్లకు వేరే కాలమ్ పెట్టుకోండి. వాళ్లను వదిలేస్తే ఊళ్లో ఉన్న మంచి తబలా వాళ్లలో సగం మంది కనబడకుండా పోతారు.

ఈ ప్రశ్న చేతపట్టుకుని తిరిగితే జాబితా ఎంత పెరుగుతుందో చూడండి. సన్నాయి మేళం, బ్యాండు మేళం, డప్పు, తప్పెటగుళ్లు, జముకుల కథ, హరికథ, బుర్రకథ, పెళ్లి ఆర్కెస్ట్రా, చర్చి బృందాలు, అయ్యప్ప భజన బృందాలు, బాబామెట్ట దర్గా ఉత్సవాల్లో పాడేవాళ్లు, సంగీత కళాశాల విద్యార్థులు, ఇంటి దగ్గర పాఠాలు చెప్పే టీచర్లు, సౌండ్ సిస్టమ్ వాళ్లు, పాటలు చేసి యూట్యూబులో పెట్టుకునే కుర్రాళ్లు. డీజేను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని మాలో మాకు పెద్ద వాదన జరిగింది. తీసుకున్నాం. బ్యాండు వాళ్ల పని డీజే తినేశాడని అందరూ అంటారు. ఆ డీజేకు కూడా ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉందో తెలిస్తేనే కదా సంగతి అర్థమయ్యేది.

ఊరి హద్దు కూడా తేల్చుకోవాలి. తప్పెటగుళ్ల బృందాలు ఉండేది పల్లెల్లో, ఆట కట్టేది పట్నంలో. వీణలు తయారయ్యేది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో. పనస దుంగను తొలిచి వీణ చేసే ఆ కుటుంబాల కష్టాలు పాటగాళ్ల కష్టాల్లాంటివి కావు. తగిన కర్ర దొరకాలి, పూర్తి సైజు వీణ కొనేవాళ్లు కావాలి. బహుమతులకు కొనే బుల్లి వీణలతోనే రోజు గడుస్తోందా అన్నది వాళ్లను అడగాల్సిన ప్రశ్న. మేం "ఉండేది ఎక్కడైనా, పని విజయనగరంలో దొరికితే మనవాళ్లే" అని గీత గీసుకున్నాం. వాయిద్యాలు చేసేవాళ్లకు మాత్రం విడిగా చిన్న ప్రశ్నాపత్రం రాశాం.

3. పేర్ల పుస్తకం

సంగీతకారుల పూర్తి జాబితా ఏ ఆఫీసులోనూ దొరకదు. మనమే కట్టుకోవాలి. ఒక 200 పేజీల నోటుపుస్తకం కొనండి.

పేర్లు ఎక్కువగా తెలిసేది సంగీతం వాళ్లకు కాదు. కల్యాణ మండపం వాచ్‌మన్‌కు, షామియానా, లైటింగు వాళ్లకు, పెళ్లి వీడియో తీసేవాళ్లకు, గుడి పూజారికి, తబలా, డోలు మూతలు మార్చేవాళ్లకు తెలుస్తాయి. వాళ్లతో మొదలుపెట్టండి. దొరికిన ప్రతి మనిషినీ ఇద్దరి పేర్లు అడగండి. ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా వేరే రకం సంగీతం వాయించేవాళ్లు కావాలి. ఈ చిన్న షరతు పెట్టకపోతే వీణ మేష్టారు పది మంది వీణ వాళ్లనే చెబుతారు. ఎవరు ఎవరి పేరు చెప్పారో పక్కన రాసుకోండి. ఒకే మనిషి నుంచి వచ్చిన పేర్లు మరీ ఎక్కువైతే ఆ దారి ఆపి ఇంకో వాడకు వెళ్లండి.

దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం జరుగుతుంది. మూడులాంతర్లకూ కోటకూ మధ్య, పూజారి కొనన కూర్చున్న పొడవాటి సిరిమాను తిరిగే ఆ రోజు జిల్లాలోని వాయిద్యాలన్నీ ఊళ్లోనే ఉంటాయి. పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు రాసుకోవడానికి అంతకు మించిన రోజు లేదు. ప్రశ్నలు మాత్రం ఆ రోజు వద్దు. ఆ జనంలో, ఆ మోతలో "మీ సమస్యలేమిటి" అని అడిగితే ముందు మనల్ని వింతగా చూస్తారు, తర్వాత తిడతారు.

4. పంచాంగం దగ్గర పెట్టుకోండి

సర్వేలు శని, ఆదివారాల్లో చేయడం ఉద్యోగస్తులకు సుఖం. సంగీతం వాళ్లకు అవి పని రోజులు. చర్చి వాళ్లకు ఆదివారం పొద్దున్న కుదరదు, డిసెంబరంతా కుదరదు. భజన బృందాలు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తీరిక లేకుండా ఉంటాయి. ముహూర్తం ఉన్న రాత్రికి మర్నాడు బ్యాండు వాళ్లు పదకొండింటికి గానీ లేవరు. అందుకని ముహూర్తాలు లేని రోజులు గుర్తుపెట్టుకుని, పదకొండు తర్వాత వెళ్లండి.

ఆషాఢం, మూఢం రోజుల్లో అందరూ ఖాళీగా దొరుకుతారు. అందులో ఒక చిక్కు ఉంది. చేతిలో పైసా లేని రోజుల్లో అడిగితే ఏడాదంతా అలాగే గడిచినట్టు చెబుతారు. పెళ్లిళ్ల సీజన్లో అడిగితే అంతా బాగానే ఉందంటారు. పొడవాటి ప్రశ్నలు ఆషాఢంలో అడిగేసి, మాఘ ఫాల్గుణాల్లో మళ్లీ వెళ్లి డబ్బు ప్రశ్నలు నాలుగే అడగండి. ఈ రెండో విడతకు మనిషికి పది నిమిషాలు చాలు.

5. ప్రశ్నలు

ఇంత సర్వేలోనూ ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

"నగరంలో సంగీతానికి ఆదరణ తగ్గిందని మీరు భావిస్తున్నారా?" అనేది మా మొదటి ఫారంలో మొదటి ప్రశ్న. అందరూ అవునన్నారు. ఎవరు కాదంటారు? దాంతో మాకు తెలిసింది సున్నా. "వేదికలు, పారితోషికాలు సరిపోతున్నాయా?" అనేది మరో ప్రశ్న. అది ఒకటి కాదు, రెండు ప్రశ్నలు. వేదిక బాగుండి డబ్బు తక్కువైనవాడు ఏమని చెప్పాలి?

అభిప్రాయాలు అడగొద్దు, జరిగినవి అడగండి. "నెలకు ఎంత సంపాదిస్తారు" అన్నది అసలే వద్దు. మేం ఒక వీధిలో ఆ ప్రశ్న వేయగానే ఒక ముసలమ్మ అడ్డొచ్చింది. "ఏటి బాబూ, గవర్నమెంటోలా? రేషన్ కార్డు పీకేస్తారేటి?" ఆ రోజుకు ఆ వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. దాని బదులు "మీ చివరి ప్రోగ్రాం గురించి చెప్పండి" అనండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు పిలిచారు, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, మిగతాది ఎప్పుడిచ్చారు, ఎంతమంది వెళ్లారు, దారి ఖర్చు ఎవరిది, ఇంటికి ఎన్నింటికి చేరారు. కథలాగా చెప్పుకుంటూ పోతారు, మీరు రాసుకుంటూ పోతారు.

లెక్క ఎలా తేలుతుందో ఊహించిన అంకెలతో చూడండి. ఒక బ్యాండు 12,000 రూపాయలకు ఒప్పుకుంది. పని చూపించినవాడికి 1,000. ఆటో, టీ, టిఫిన్లకు 2,000. మిగిలింది 9,000. వాయించేవాళ్లు ఎనిమిది మంది, అందులో మేస్త్రికి రెండు వాటాలు. అంటే తొమ్మిది వాటాలు, వాటాకు 1,000. మధ్యాహ్నం మూడింటికి ఇల్లు వదిలి రాత్రి ఒంటిగంటకు చేరితే పది గంటలు. గంటకు వంద. "బ్యాండుకు పన్నెండు వేలు తీసుకుంటున్నారు" అనే పెళ్లివారి మాటకూ గంటకు వంద అనే మాటకూ మధ్య ఉన్న దూరం ఇలా విడదీసి అడిగితేనే బయటపడుతుంది.

తర్వాత వాయిద్యం. సొంతమా, కిరాయా? అప్పు చేసి కొన్నారా, ఆ అప్పు ఎవరి పేరు మీద ఉంది? భార్య డ్వాక్రా అప్పు తెచ్చి కొన్న కీబోర్డులు నాకే తెలుసు. చెడిపోతే ఎక్కడికి తీసుకెళ్తారు? 60 కిలోమీటర్ల అవతల విశాఖపట్నం అని చెబితే, ఆ రోజు పోయిన పని కూడా రిపేరు ఖర్చు కిందే రాయండి.

ప్రాక్టీసు ఎక్కడ, ఇరుగుపొరుగు ఏమంటారు అని అడగండి. రాత్రి పోలీసులు ఆపిన సందర్భాలు అడగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఈ సంగతి ఎంతమందికి తెలుసు, పర్మిషన్ ఎవరు తీసుకోవాలని పెళ్లివారితో ముందే మాట్లాడుకుంటారా అన్నవి విడి ప్రశ్నలు.

చెవుల గురించి మేం మొదట అడగనేలేదు. మా నలుగురిలో ప్యాడ్స్ వాయించే అతను తన చెవిలో రాత్రిళ్లు గుయ్యిమంటుందని చెప్పాక చేర్చాం. "ప్రోగ్రాం అయ్యాక మర్నాటి దాకా చెవిలో మోత ఉంటుందా?" అని అడిగితే చాలు. బ్యాండులో బాకా ఊదేవాళ్లను పళ్లు, చిగుళ్ల గురించీ, డోలు వాళ్లను భుజం గురించీ అడగండి.

పాడే ఆడవాళ్లకు ప్రశ్నలు ఆడవాళ్లే అడగాలి. ఇందులో బేరం లేదు. బట్టలు మార్చుకునే గది ఉందా, బాత్రూం ఉందా, అర్ధరాత్రి ఇంటికి ఎవరు దింపారు, మగ సింగర్‌కు ఎంత ఇచ్చారు, మీకు ఎంత ఇచ్చారు. పక్కన భర్తో అన్నో కూర్చుంటే వచ్చే జవాబులు వేరు. ఒంటరిగా మాట్లాడే వీలు చూసుకోండి.

పల్లెల నుంచి సంగీతం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలను తిండి, వసతి గురించి అడగడం మరిచిపోవద్దు. ఘంటసాలగారు ఈ ఊళ్లో వారాలు, మధుకరం చేసుకుని, అంటే రోజుకో ఇంట్లో తింటూ, ఇంటింటా అన్నం అడుక్కుంటూ చదువుకున్నారని గర్వంగా చెప్పుకుంటాం. ఇప్పటి పిల్లవాడు దేని మీద నడుపుకొస్తున్నాడో కూడా తెలియాలి కదా. క్యాటరింగులో వడ్డించడానికి వెళ్తూ మృదంగం నేర్చుకునేవాడికి, క్లాసు వేళ ఒక గంట జరిపితే చాలా తేడా పడవచ్చు.

పింఛన్లు, గుర్తింపు కార్డులు కూడా అడగండి. ఎన్టీఆర్ భరోసాలో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. వస్తోందా, రాకపోతే దరఖాస్తు ఎక్కడ ఆగింది, సచివాలయంలో ఏ కాగితం లేదన్నారు? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులతోనే ఒక అర్జీ తయారవుతుంది.

ఇక కులం. సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణుల చేతుల్లోనూ, డప్పు దళితుల చేతుల్లోనూ తరతరాలుగా ఉన్న ఊళ్లో కులం ఊసెత్తకుండా సంగీతం సర్వే చేశామంటే సగం మాట మింగేసినట్టే. అలాగని "మీపై వివక్ష ఉందా" అని అడిగితే, లేదండీ బాగానే చూస్తారండీ అంటారు. మేం అడిగింది ఒకటే: "చివరి పెళ్లిలో భోజనం ఎప్పుడు పెట్టారు, ఎక్కడ కూర్చోబెట్టారు?" ఆర్కెస్ట్రా వాళ్లనూ, సన్నాయి వాళ్లనూ, డప్పు వాళ్లనూ ఇదే అడిగి జవాబులు పక్కపక్కన పెట్టుకోండి. వేరే ప్రశ్న అక్కర్లేదు. కులం కాలమ్ చివర ఉంచి, చెప్పడం వాళ్ల ఇష్టమని ముందే చెప్పండి.

ఆఖరి ప్రశ్న: "వచ్చే దసరాలోపు ఒక్కటి మారాలంటే ఏది మారాలి?" ఒక్కటే. రెండు చెబితే ఏది ముందో అడగండి.

రాసుకున్న ప్రశ్నలను ముందు అయిదారుగురితో ప్రయత్నించి చూడండి. మొహం చిట్లించిన ప్రతి ప్రశ్ననూ తిరగరాయండి. అరగంట దాటితే కుదించండి.

6. అడిగే తీరు

ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. ఫోన్ తీసి రికార్డు చేయాలంటే ముందు అడగండి. వద్దంటే జేబులో పెట్టేయండి. ఎవరికోసం అడుగుతున్నారో, ఏం వస్తుందో, ఏం రాదో మొదటి రెండు నిమిషాల్లో చెప్పేయండి. "మేం డబ్బులివ్వలేం, పింఛను ఇప్పించలేం, మీరు చెప్పినవి రాసి ఆఫీసులో ఇస్తాం, మీ పేరు రాయం" అంటే చాలు. ఆశ పెట్టి జవాబులు తీసుకుంటే రెండోసారి ఆ వీధిలోకి వెళ్లలేరు.

పేర్లు, నంబర్లు ఒక పుస్తకంలో, జవాబులు ఇంకో పుస్తకంలో. రెండింటినీ కలిపేది ఒక అంకె మాత్రమే. ఎవరు ఎంత తీసుకుంటారన్నది ఇంకో బృందం చెవిన పడితే వచ్చే సీజన్లో బేరం చెడిపోతుంది. ఆ నష్టం మీరు పూడ్చలేరు.

"ఒక పాట పాడండి మేష్టారూ" అని మాత్రం అడగొద్దు. పని గురించి మాట్లాడటానికి వచ్చి ఊరికే వాయించమనడం వాళ్లకు రోజూ ఉండే బాధే.

7. హాళ్లనూ చూసి రండి

మనుషులతో పాటు వేదికల మీద ఒక పేజీ కావాలి. ఆనందగజపతి ఆడిటోరియం మొదలుకొని గుడి మండపాలు, కాలేజీ హాళ్లు, కల్యాణ మండపాల దాకా తిరగండి. అద్దె, కరెంటు పోతే జనరేటరు ఎవరిది, స్టేజీ వెనక బాత్రూం, పెద్దవాళ్లు ఎక్కగలిగే మెట్లు, కార్యక్రమం అయ్యాక దొరికే ఆఖరి బస్సు. టేపు కూడా తీసుకెళ్లండి. డోలు వాయించేవాడు చెయ్యి విసిరితే పక్కవాడికి తగలకుండా ఎంత జాగా ఉందో కొలిస్తే గానీ తెలియదు.

8. లెక్క కట్టేటప్పుడు

ఎక్సెల్‌లో మనిషికి ఒక వరుస. అంకెలు ఒకవైపు, వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే ఇంకోవైపు. "ఎవులూ పిలవట్లేదు" అన్నదాన్ని "అవకాశాల కొరత" అని దిద్దితే, ఎవరు పిలవట్లేదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

శాతాలు వాడకండి. మొత్తం ఎంతమంది ఉన్నారో తెలియనప్పుడు, ఒకరి ద్వారా ఒకరిని పట్టుకున్నప్పుడు, "విజయనగరం సంగీతకారుల్లో ఇంత శాతం" అని రాయడానికి మనకు హక్కు లేదు. "మేం కలిసిన బ్యాండు వాళ్లు ఇంతమంది, అందులో బాకీ రానివాళ్లు ఇంతమంది" అని రాయండి. అందరినీ కలిపి సగటు కూడా తీయొద్దు. విశాఖ వెళ్లి స్టేజీ షోలు చేసే సింగరునూ, గుడిలో సన్నాయి ఊదే పెద్దాయననూ కలిపి భాగిస్తే వచ్చే మనిషి ఎక్కడా ఉండడు.

ఎప్పుడు ఆపాలి? ఒక్కో రకంలోనూ వరుసగా అయిదారుగురు పాత సంగతులే చెబుతుంటే ఆ రకానికి చాలు. కొత్త పేర్లు వస్తూనే ఉంటే ఇంకా తిరగాలి.

సమస్యలన్నీ రాశాక ఎదురుగా ఎవరు తీర్చగలరో రాయండి. కొన్నింటికి ఎవరి గడపా ఎక్కనక్కర్లేదని అప్పుడు తెలుస్తుంది. పెళ్లివారితో ఒప్పందం ఒక కాగితం మీద రాసుకోవడం, సగం అడ్వాన్సు లేనిదే కదలకపోవడం బృందాలు కలిసి అనుకుంటే అయ్యే పనులు. మిగతావాటికి అర్జీలు. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లేటప్పుడు ఇరవై డిమాండ్ల పుస్తకం పట్టుకెళ్లకండి. ఒక్కో అర్జీకి ఒక్కో కోరిక, వెనక ఒక పేజీ లెక్క.

9. చదివి వినిపించండి

ఆఫీసుల కంటే ముందు చెప్పినవాళ్లకే చూపించాలి. పెద్ద అక్షరాల్లో నాలుగు పేజీలు, తెలుగులో. చదువు రానివాళ్లు ఉంటారు కాబట్టి ముహూర్తం లేని ఒక సాయంత్రం పిలిచి గట్టిగా చదవండి. దూరం నుంచి వచ్చినవాళ్లకు బస్సు చార్జీలు ఇవ్వండి, అందరికీ ఒకే వరుసలో టిఫిన్ పెట్టండి.

మేం చదువుతుంటే వెనక బెంచీ నుంచి ఒక సన్నాయి పెద్దాయన చెయ్యెత్తాడు. తన చివరి పెళ్లి లెక్కలో నలుగురని రాశామట. "నలుగురం కాదు బాబూ, శృతి పెట్టె పట్టుకున్న మా మనవడు కూడా ఉన్నాడు. ఆడికీ వాటా ఇచ్చాను, రాసుకో." ఐదుగురని దిద్ది, వాటా మళ్లీ కట్టాం.